గట్టు మీది లాభం

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను కోనసీమ కొబ్బరిని మొదలంటా కూల్చేసింది. తీరం వెంబడి మత్స్యకార పల్లెల్లో వేటకెళ్లిన మగవాళ్లు ఎంతోమంది తిరిగి రాలేదు. మొత్తం మీద చనిపోయినవాళ్లు వెయ్యికి పైనే. కూలిన చెట్ల మొదళ్లు తీయడం పూర్తికాకముందే, సరిగ్గా అయిదు వారాలకు, డిసెంబరు 11న ఢిల్లీ నుంచి రెండో దెబ్బ తగిలింది. తీర నియంత్రణ మండలం పరిధిలో తవ్విన రొయ్యల చెరువులను మార్చి నెలాఖరుకల్లా పడగొట్టాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు వేసింది తమిళనాడుకు చెందిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్.

ఆ శీతాకాలంలో ఉప్పలగుప్తం చెరువుగట్టు మీద నిలబడి చూసినవాడెవడైనా రొయ్య కథ అయిపోయిందనే అనుకొని ఉంటాడు. అయిపోలేదు. పాతికేళ్లు తిరిగేసరికి అల్లవరం, కాట్రేనికోన, మామిడికుదురు, మలికిపురం, సఖినేటిపల్లి మండలాల్లో చెరువులు మునుపటికంటే ఎక్కువయ్యాయి, వరిచేల మధ్యకూ వచ్చేశాయి. ఈరోజు ప్రొటీన్ అంటే పెద్ద వ్యాపారం. డబ్బాల్లో పొడి, బిస్కెట్లలో పొడి, జిమ్ముల్లో పొడి. కానీ ప్రొటీన్ అమ్ముకొని బతకడం కోనసీమకు కొత్త కాదు. నూటయాభై ఏళ్లుగా ఈ నేల ఎవరో ఒకరి పళ్లెంలోకి దాన్ని పంపుతూనే ఉంది. తినేవాళ్లు మారారు, పంపే సరుకు మారింది. మారనిదల్లా ఒకటుంది: చెరువులో దిగినవాడికంటే గట్టు మీద ఉన్నవాడికే నిలకడైన రాబడి.

గోదావరి రెండు పాయల మధ్య ఉన్న ఈ ముక్క అన్నపూర్ణగా పేరు తెచ్చుకున్నది 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే. అదే కాలంలో పి. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా 49 కమానుల అక్విడెక్టు కట్టి నగరం లంకకు, అంటే ఇప్పటి రాజోలు ప్రాంతానికి, కాలువ నీళ్లు పంపారు. దాంతో వరి వచ్చింది, కడుపు నిండింది. అయితే వరి ఇచ్చేది పిండిపదార్థం. ప్రొటీన్ పని చేసింది వరి కోశాక మూడో పంటగా తేమ మీద చల్లిన మినుము, పెసర. కాలువలో, బోదెలో, ఏటి మొగలో దొరికే చేప, రొయ్య. మినప్పప్పులో దాదాపు నాలుగో వంతు ప్రొటీనే. పెసరట్టు, గారె, సున్నుండ అన్నీ ఆ మూడో పంట ఇచ్చినవే. ఆ లెక్క ఎవరూ కట్టకుండానే తినేవారు.

ఆనకట్ట చేపకు మాత్రం గోడయింది. వరద నీటికి ఎదురీది గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి వచ్చే పులస ధవళేశ్వరం దగ్గర ఆగిపోవాల్సిందే. చేపల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే 1873లో అచ్చయిన తన నివేదికలో దక్షిణాది ఆనకట్టలు ఈ జాతికి అడ్డుపడుతున్నాయని రాశాడు. ఏటికేడు తగ్గుతూ వచ్చిన ఆ చేపే ఇప్పుడు శ్రావణ, భాద్రపదాల్లో రావులపాలెం, సిద్ధాంతం వంతెనల దగ్గర వేలల్లో పలుకుతోంది. అరుదు కావడమే దాని ధర. ప్రొటీన్ కోసం పులస కొనేవాడు లేడు, కొనకూడదు కూడా.

డే రాతల్లో అంతకంటే పనికొచ్చే సంగతి ఉప్పు గురించి ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు సర్కారు గుత్త సొత్తు. పన్ను కట్టి ఉప్పు కొని చేప ఊరబెడితే గిట్టదు గనుక, పల్లెవాళ్లు చవిటి మన్ను పూసో, ఉత్తి ఎండకు వదిలేసో సరిపెట్టేవారు. చేప పురుగు పట్టేది, వాసన కొట్టేది. తర్వాతి సంవత్సరాల్లో ప్రభుత్వం తీరం పొడవునా చేపలు ఊరబెట్టే యార్డులు తెరిచి, అక్కడివరకు ఉప్పు మీద పన్ను తీసేసింది. ఈ ప్రాంతపు ప్రొటీన్ వ్యాపారంలో సర్కారు పెట్టిన మొదటి చెయ్యి బహుశా అదే. పన్ను ఒక చోట సడలిస్తే ఒక సరుకు బతుకుతుందని అప్పుడే తేలింది.

ఆ ఎండుచేపే లోపలి ఊళ్ల కూలీల ప్రొటీన్. నెత్తళ్లు, కవళ్లు, సావిడాయలు, రొయ్యపొట్టు గంపలకెత్తి పల్లెకారు ఆడవాళ్లు కోతల కాలంలో కళ్లాల దగ్గరకు వచ్చేవారు. డబ్బుతో పని లేదు, చేపకు ధాన్యం. ఎండురొయ్యలో నూటికి అరవై పాళ్ల దాకా ప్రొటీన్ ఉంటుంది. నీరు పోయింది కాబట్టి బరువు లేదు, చెడదు, ఐసు అక్కర్లేదు. గోంగూరలో గుప్పెడు వేస్తే ఇంటిల్లిపాదికీ కూర. ఇప్పుడు పౌడరు డబ్బా మీద గొప్పగా వేసుకునే గుణాలన్నీ ఆ గంపలోనూ ఉన్నాయి, వాసన ఒక్కటి అదనం.

ఆశ్వయుజం చివర, కార్తీకంలో తూర్పుగాలి తిరిగినప్పుడు యానాం, ఎదుర్లంక వైపు గోదారి మొగలో చీరమేను వస్తుంది. ఒక్కోటి సన్నని దారపు ముక్కంత. వలకంతల్లోంచి జారిపోతుంది కాబట్టి పాత చీర పట్టి నీళ్లలోంచి ఎత్తుతారు. తూకం ఉండదు, సేరు, తవ్వ, బకెట్టు లెక్కన అమ్మకం. తెల్లారి వచ్చిన సరుకు మధ్యాహ్నానికి మిగలదు. దానికి హేచరీ లేదు, మేత లేదు, ఎగుమతి లేదు. పట్టినవాడి చేతి నుంచి తినేవాడి చేతికి మధ్యలో ఒకరో ఇద్దరో మనుషులు. చెప్పుకోవడానికి చిన్న వ్యాపారమే గాని, అమ్మిన ధరలో ఎక్కువ భాగం పట్టినవాడికే మిగిలే పద్ధతి ఈ తీరంలో ఇంకోటి వెతుక్కోవాలి.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రొటీన్ కొరత ప్రపంచ సమస్యగా ముందుకొచ్చింది. ఐక్యరాజ్యసమితి 1968లో రానున్న ప్రొటీన్ సంక్షోభం గురించి నివేదికే ఇచ్చింది. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థకు నాయకత్వం వహించిన సి. గోపాలన్ ఆ హడావుడికి ఒప్పుకోలేదు. బియ్యం, పప్పు కలిపి కడుపునిండా తినగలిగితే మన పిల్లలకు ప్రొటీన్ దానంతటదే అందుతుందనీ, అసలు కొరత తిండిలోనే ఉందనీ ఆయన వాదం. 1974లో పోషకాహార శాస్త్రవేత్త డొనాల్డ్ మెక్‌లారెన్ లాన్సెట్ పత్రికలో ఆ ప్రొటీన్ ఉద్యమమంతా పెద్ద వైఫల్యమని తేల్చేశాడు. శాస్త్రంలో వాదన చల్లారింది. వ్యాపారంలో చల్లారలేదు.

కోడిగుడ్డు కథ ఇక్కడే చెప్పాలి. కోనసీమకు ఎగువన అనపర్తి, బిక్కవోలు చుట్టుపక్కల లేయర్ ఫారాలు పెరిగాయి. కొంతకాలానికి గుడ్డు మిగిలిపోయి, దళారి చెప్పిందే ధర అయింది. 1982లో వెంకటేశ్వర హేచరీస్ వ్యవస్థాపకుడు డాక్టర్ బి.వి. రావు చొరవతో రైతులు నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీగా ఏర్పడ్డారు. రోజూ జోన్లవారీగా రేటు ప్రకటించడం, టీవీలో దేశం నోట్లో నానేలా గుడ్డు పాట వినిపించడం, రెండూ వాళ్లే చేశారు. ఆ రేట్ల పట్టికలో తూర్పు గోదావరికి ఇప్పటికీ విడిగా ఒక వరుస ఉంది. ధర చెప్పే హక్కు, తినేవాణ్ని తయారుచేసే పని రెండూ ఉత్పత్తిదారు చేతిలో పెట్టుకున్నారు. రొయ్య రైతు ఆ రెంటిలో ఒక్కటీ చేయలేదు. చేయాల్సిన అవసరం అప్పట్లో కనబడలేదు, ఎందుకంటే కొనేవాడు జపాన్‌లో ఉన్నాడు, అడిగినంత ఇస్తున్నాడు.

1980ల చివర టైగర్ రొయ్య జ్వరం మొదలైనప్పుడు పిల్ల ఏటి మొగల్లోనే దొరికేది. ఆడవాళ్లు, పిల్లలు మొలలోతు నీళ్లలో గుడ్డవలలు లాగి, సత్తుగిన్నెలో పోసుకొని, గవ్వతోనో ఆల్చిప్పతోనో నల్లగీత ఉన్న పిల్లల్ని ఏరి వేల లెక్కన అమ్మేవారు. మిగతా చేపపిల్ల, పీతపిల్ల ఒడ్డున పారబోతే అక్కడే ఎండిపోయేది. విశాఖలో 1989లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ (ఎంపెడా) తరఫున టాస్పార్క్ హేచరీ వచ్చాక, దాని వెనకే ప్రైవేటు హేచరీలు వచ్చాక, ఈ ఏరుడు పని తగ్గుముఖం పట్టింది. చప్పగా బతుకుతున్న ఉప్పునేలకు ఒక్కసారిగా విలువ వచ్చింది. పట్నంలో డాక్టర్లు, కాంట్రాక్టర్లు, ఉద్యోగులు లీజుకు దిగారు. వరి కౌలు బస్తాల్లో ఉండేది, చెరువు లీజు నోట్లలోకి మారింది.

1994–95లో తెల్లమచ్చ వచ్చింది. రొయ్య తల డొప్ప మీద సుద్దచుక్కల్లాంటి మచ్చలు. కనిపించిన వారం లోపు చెరువు ఖాళీ. మందు లేదు, ఇప్పటికీ లేదు. ఒకడి చెరువు నీళ్లు ఇంకొకడికి చేరే కాలువల అమరిక ఉన్నచోట అది ఊళ్లు ఊళ్లే తుడిచిపెట్టింది. తుపాను, తీర్పు ఆ తర్వాత వచ్చినవి. తీర్పును ఎంతవరకు అమలుచేశారన్నది వేరే కథ. చెరువులు చాలావరకు మిగిలాయి, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి రిజిస్ట్రేషను పద్ధతిలో వాటికి దారి ఇచ్చింది.

ఈలోగా తినేవాడు మారాడు. 2001లో అమెరికాలో తలసరి వాడకంలో రొయ్య డబ్బా ట్యూనాను దాటేసింది. పండగ తిండి కాస్తా వారానికోసారి తినే తిండి అయింది. అలాంటివాడికి పెద్ద టైగర్ అక్కర్లేదు, చవగ్గా ఒకే సైజులో ఒలిచిన రొయ్య కావాలి. ఆ గిరాకీకి సరిపోయిన జాతి వనామీ. పసిఫిక్ తీరపు అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఈ రొయ్యకు మన దేశం 2009లో తలుపు తీసింది. రోగం లేదని ధ్రువీకరించిన తల్లి రొయ్యలు విమానంలో చెన్నై క్వారంటైనుకు వస్తాయి, అక్కడి నుంచి హేచరీలకు వెళతాయి. హవాయి, ఫ్లోరిడాల్లో పుట్టిన తల్లుల సంతానం కోనసీమలో పెరిగి, గడ్డకట్టి, మళ్లీ అమెరికాకే ఓడెక్కుతుంది.

వనామీకి నేల సిద్ధం చేసింది ఒకరకంగా వరే. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి దాదాపు 90 వేల ఎకరాలు బీడు పెట్టారు. అప్పటి మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. కూలి పెరిగింది, మురుగు కాలువలు పూడి తొలకరి నాటు వారాల తరబడి ముంపులో కుళ్లేది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. 2022లో కోనసీమ కొత్త జిల్లా అయిన రెండు నెలలకే మళ్లీ పంట విరామం మాట వచ్చింది, కారణాలు దాదాపు అవే. ఇలాంటి రైతు దగ్గరకు ఎవరో వచ్చి ఎకరాకు రొక్కం లీజు ఇస్తానంటే కాదనడం కష్టం. నష్టం వచ్చినా లీజుదారుదే కదా.

పట్టుబడి చూసినవాళ్లకు ఈ వ్యాపారం లోగుట్టు సగం అర్థమవుతుంది. చల్లగా ఉండాలని అర్ధరాత్రి దాటాక మొదలుపెడతారు. నీళ్లు సగానికి దించి వల లాగుతారు. ఏరేటర్ల మోత ఆగిన ఆ కొద్దిసేపట్లో గట్టు మీద ఐసు పగలగొట్టే చప్పుడు ఒక్కటే. కంపెనీ మనిషి కిలో రొయ్య తూచి లెక్కపెడతాడు: వంద తూగితే వంద కౌంటు, ముప్ఫై తూగితే ముప్ఫై. అంకె తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. మెత్తబడింది, డొప్ప వదులైంది పక్కకు పోతుంది, దానికి వేరే రేటు. రైతు ఆ పూట అమ్మనని అనలేడు. దించిన నీళ్లలో రొయ్య బతకదు, ఐసులో పెట్టింది రెండో రోజుకు ఆగదు. బేరం ఎవరి చేతిలో ఉందో చెప్పక్కర్లేదు.

రెండో సగం మేతలో ఉంది. వనామీ మేతలో సుమారు 35 శాతం ప్రొటీన్, అదీ ఎక్కువగా సోయా, చేపపిండి నుంచి. కిలో రొయ్య పెరగడానికి కిలోన్నర దాకా మేత పడుతుంది. అంటే అర కిలో ప్రొటీన్ తినిపిస్తే చేతికొచ్చేది రెండు వందల గ్రాములు కూడా కాదు. ప్రొటీన్ పండించడం అని మనం అంటున్నది నిజానికి చవక ప్రొటీన్‌ను ఖరీదైన ప్రొటీన్‌గా మార్చడం. సాగు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. అందుకే దేశంలోనే పెద్ద మేత కంపెనీల్లో ఒకటైన అవంతి ఫీడ్స్ గోదావరికి అవతల కొవ్వూరులో పెరిగింది, థాయ్ కంపెనీ భాగస్వామ్యంతో. చెరువు పండినా ఎండినా మేత బస్తా అమ్ముడుపోయి ఉంటుంది. పిల్ల అమ్మినవాడు, ఐసు ఫ్యాక్టరీవాడు, మందుల దుకాణం, ఏరేటరు మరమ్మతు చేసేవాడు, భూమి లీజుకిచ్చినవాడు, అందరూ గట్టు మీదివాళ్లే.

గట్టు మీద చోటు దొరకనివాళ్లూ ఉన్నారు. ఎకరం వరి నాటుకు పదిమంది ఆడకూలీలు కావాలి; ఎకరం చెరువుకు కాపలాకు ఒకడు చాలు. నాట్లు పోయిన ఊళ్ల ఆడవాళ్లలో కొందరు రొయ్య తలలు తీసే ప్లాంట్లకు వ్యానెక్కారు. రాజోలు, మలికిపురం వైపు నుంచి కువైట్, మస్కట్ దారి అంతకు ముందే తెరిచి ఉంది, ఆ దారి ఇంకా వెడల్పయింది. చెరువు పక్క చేనుకు ఉప్పు చేరడం, చేతిపంపు నీళ్లు మారిపోవడం గురించి ఫిర్యాదులు మండలానికో దస్త్రం. ఈ ఖర్చు ఏ కౌంటు ధరలోనూ కలవదు.

2025 ఏప్రిల్లో అమెరికా కొత్త సుంకాల మాట ఎత్తగానే గట్టు మీది రేటు రోజుల్లో పడిపోయింది, ఇంకా సుంకం అమల్లోకి రాకముందే. ఆగస్టు 27 నుంచి 50 శాతం అమలైంది. పాత యాంటీ డంపింగ్, కౌంటర్‌వేలింగ్ సుంకాలు కలిపితే 58 దాటింది. అంతకు ముందు ఏడాది, 2024–25లో, మన దేశం 7.4 లక్షల టన్నుల రొయ్య ఎగుమతి చేసింది; విలువ 517 కోట్ల డాలర్లు. అందులో అతిపెద్ద వాటా ఆంధ్రప్రదేశ్ చెరువులదే, అతిపెద్ద కొనుగోలుదారు అమెరికాయే. యూరప్ ఉంది గాని, యాంటీబయోటిక్ అవశేషాల భయంతో 2016 నుంచి మన సరుకులో సగానికి సగం పరీక్షిస్తోంది. గుడ్ల కమిటీలాంటిది రొయ్యకూ ఉండాలన్న మాట రైతు సమావేశాల్లో గట్టిగా వినిపించింది అప్పుడే, నలభై ఏళ్లు ఆలస్యంగా.

ఇంతకీ మనవాళ్లు రొయ్య తింటున్నారా? తక్కువ. అమలాపురం చేపల బజారులో వనామీ కొనేవాళ్లు పెరిగారు, కానీ విజయవాడ, హైదరాబాదు దాటి లోపలికి వెళితే రొయ్య అంటే ఇంకా హోటల్ వంటకమే. ఫిష్ ఆంధ్ర పేరుతో ప్రభుత్వం పెట్టించిన చిల్లర దుకాణాల్లో చాలావాటికి తాళాలు పడ్డాయి. దుకాణం పెట్టడం వేరు, తినే అలవాటు పెంచడం వేరు. ఆ రెండోది గుడ్డుకు సర్కారూ చేసిపెట్టింది. 2020 నుంచి బడి భోజనంలో వారానికి అయిదు గుడ్లు. 2024లో ఆ పథకానికి లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవాడికీ అన్నం వడ్డించిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. కోనసీమ తల్లి పేరున నడిచే భోజనంలో గుడ్డు అనపర్తి వైపు నుంచి వస్తుంది, కోనసీమ రొయ్య మాత్రం ఆ దరిదాపులకు రాదు.

కొత్తగా డబ్బు పెట్టాలనుకునేవాళ్లు ఇంకో చెరువు తవ్వడం గురించి ఆలోచిస్తే చరిత్ర వాళ్ల పక్షాన లేదు. చిన్న కౌంటు రొయ్య, అంటే ఎగుమతికి ధర రానిది, శుభ్రంగా ఎండబెట్టి అమ్మితే దానికి ఐసూ అక్కర్లేదు, అమెరికా దయా అక్కర్లేదు. తీరంలో ఇప్పటికీ ఎండుచేప ఇసుక మీదే ఆరుతోంది. పందిరి మీద, సోలార్ డ్రయ్యర్లో ఆరితే ఇసుక ఉండదు, పట్నంవాడు వంక పెట్టడు. ఉప్పు పన్ను ఎత్తేసిన నాటి యార్డుల తర్వాత ఈ సరుకు మీద ఎవరూ పెద్దగా బుర్ర పెట్టలేదు. కొత్తపేట, రావులపాలెం వైపు ఉప్పునీరు చేరని నేలల్లో మూడో పంట సంగతీ అంతే. దేశం మినుము కోసం మయన్మార్ మీద ఆధారపడుతోంది. ఇక్కడ తొలకరి నాట్లు ఆలస్యమై, రెండో పంట దాళ్వా ఆలస్యమై, మినుము చల్లే అదను దాటిపోతోంది. కాలువకు నీళ్లు ముందుగా వదలమని రైతులు 2022లో అడిగిన కారణాల్లో అదీ ఒకటి. కావాల్సినవి ఇవి: ముందుగా నీళ్లు, పూడిక తీసిన మురుగు కాలువ, పప్పు ఆడించే మిల్లు ఊళ్లోనే. ఇందులో చివరిది ఒక్కటే ప్రైవేటు పెట్టుబడితో అయ్యేది.

అమలాపురం మెడికల్ షాపుల్లోనూ ఇప్పుడు వే పౌడరు డబ్బాలు వరసగా ఉంటున్నాయి. చీజ్ తయారీలో మిగిలే నీటి నుంచి తీసిన ప్రొటీన్ అది. జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదలైన ఆహార మార్గదర్శకాల్లో ఇలాంటి సప్లిమెంట్లు వద్దనే చెప్పింది. ఆరోగ్యవంతుడైన పెద్దవాడికి శరీర బరువులో కిలోకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలని అదే సంస్థ లెక్క. అరవై కిలోల మనిషికి రోజుకు యాభై గ్రాములు. రెండు పూటల అన్నం, పప్పు, ఒక గుడ్డు, కూరలో గుప్పెడు ఎండురొయ్య ఉన్న ఇంట్లో ఆ యాభైకి ఢోకా ఉండదు.